ఆయుధాల గదిలో నరకం

2022, కార్తీక మాసం వానలు. తమిళ ఊరు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల షెడ్లు వరుసగా ఉండే వీధి వెనక మా బొమ్మల షాపు. బొమ్మలంటే పిల్లలు ఆడుకునేవి కావు. అగ్గిపుల్లలు ఒకదాని మీద ఒకటి అంటించి గుడి గోపురాలు, కోటలు, బంగళాలు కడతాము. పాంచాలంకురిచ్చి కోట చూడటానికి వచ్చినవాళ్ళు గుర్తుగా కొనుక్కుపోయే చిన్న కోటలు చాలావరకు మా చేతుల్లో పుట్టినవే. పదో తరగతి అయిపోగానే నేను ఈ పనిలో చేరాను. మాట్లాడుతూ ఉంటేనే నా చేతులు నడుస్తాయి, అందుకే షాపులో నాకు రేడియో అని పేరు.

మందు అంటించని పుల్లను స్ప్లింట్ అంటాము. అగ్గిపెట్టెల షెడ్డులో ఈ స్ప్లింట్ల కొసలను ముందు కాగిన మైనంలో ముంచి, ఆ తరవాతే తలకు మందు పట్టిస్తారు. మంట తల నుంచి పుల్లకు పాకాలంటే మైనమే దారి. మా ఊళ్ళో మైనానికి కొదవ లేదు కాబట్టి మేము బొమ్మకు వార్నిష్ వెయ్యము, మైనమే పట్టిస్తాము. మెరుపు వస్తుంది, పురుగు పట్టదు. గాజు పెట్టెలో కూర్చునే గోపురానికి దానివల్ల వచ్చే ముప్పేమీ లేదు. ఎవరూ దాని దగ్గర దీపం పెట్టరు కదా.

ఆ వానల్లోనే విరుదునగరు పక్క పల్లె నుంచి ఒక పాస్టరయ్య గొడుగు వేసుకుని షాపుకు వచ్చారు. స్వీడన్ దేశంలో ఒక పల్లె చర్చికీ వీళ్ళ చర్చికీ చాలాకాలంగా స్నేహమట. అక్కడి నుంచి కారిన్ అనే ముసలామె క్రిస్మస్ ముందు వస్తోంది. ఆమె బాప్తిస్మం తీసుకున్న చర్చిని పుల్లలతో కట్టించి ఆమెకు బహుమానం ఇవ్వాలని అయ్య కోరిక. ఆరేడు వందల ఏళ్ళ నాటి చర్చి అది. ఫోన్‌లో ఫొటోలు చూపించి, ఒక్కో భాగం గురించీ ఆమె చెప్పినవన్నీ మాకు తమిళంలో విప్పి చెప్పారు.

నేను అంతవరకు చర్చి అంటే పొడుగాటి శిఖరం అనుకునేదాన్ని. ఇది అలా లేదు. రాతి గోడలు, మనిషి అడ్డంగా పడుకునేంత మందం, పైన తెల్ల సున్నం. మంచు జారిపోవాలని నిటారుగా వాలిన కప్పు. కప్పు మీద పెంకులు మట్టివి కావు, చిన్న చిన్న చెక్క ముక్కలు, తారు పూసి నల్లగా. గంట చర్చికి తగిలించి లేదు, ఆవరణలో వేరుగా కాళ్ళు చాపి నిలబడ్డ చెక్క గోపురంలో వేలాడుతోంది. ఉత్తరం గోడకు ఒక్క కిటికీ కూడా లేదు. చెడు ఆ దిక్కు నుంచే వస్తుందని పూర్వం వాళ్ళ నమ్మకమట. ఆ ఖాళీ గోడ చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది.

వాకిట్లో ఒక చిన్న గది ముందుకు పొడుచుకుని ఉంది. దాన్ని ఆయుధాల ఇల్లు అంటారట. మగవాళ్ళు కత్తులు, బల్లేలు అక్కడ పెట్టి లోపలికి పోయేవారని చెబుతారు. మా షాపు యజమానిని మేమందరం అణ్ణాచ్చి అంటాము. ఆయన ఫొటోను దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఇదేమి, మన పటాసు కంపెనీ గేటు మాదిరి ఉండాది? ఆడ బీడి, అగ్గిపెట్టె, సెల్లు ఇడిసి లోపలికి పొయ్యేది. ఈడ కత్తి."

"కాలి గొలుసు కూడా ఇప్పమంటారు అణ్ణాచ్చి, రాసుకుంటే నిప్పు లేస్తాదని," అంది మా అమ్మ తల ఎత్తకుండా.

అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ పటాసు కంపెనీలో పనిచేసేది. ఒక మధ్యాహ్నం షెడ్డు అంటుకుంది. మండుతున్న కప్పు పైనుంచి అమ్మ మీద పడింది. ప్రాణం దక్కింది కానీ కుడి చేతికి మూడు వేళ్ళే మిగిలాయి. ఆ చెయ్యి సన్నబడిపోయింది. బొమ్మల్లో మా చేతులు దూరని సందుల్లోకి అది దూరిపోతుంది. అందుకని అణ్ణాచ్చి అమ్మను రమ్మని లోపలి నేల, లోపలి కప్పు అంటించే పని ఇచ్చేవాడు. "అక్కా, అది చెయ్యి కాదు, పటకారు," అనేవాడు. "అట్లంటే నీ నాలిక పట్టి లాగేదా?" అనేది అమ్మ.

లోపలి కప్పు గొడుగు లోపలి భాగంలా వంపులు తిరిగి ఉంది. వంపుల నిండా రంగు బొమ్మలు. తీగలు, నక్షత్రాలు, దేవదూతలు. మధ్యలో ఎన్నో ఏళ్ళు వాటి మీద సున్నం కొట్టేశారట, తరవాత గీకితే మళ్ళీ బయటపడ్డాయట. వాటిని చూసి కాగితం మీద రంగులతో వేయడం నా వంతు, కప్పుకు లోపలివైపు అంటించడం అమ్మ వంతు. ఒక బొమ్మలో ఆడమనిషి వెన్న చిలుకుతోంది. పక్కన కొమ్ములతో ఒకడు.

"ఈ ఆడదాని పక్కన నిల్చుకోని ఉండేది ఎవురు జయా?" అంది అమ్మ.

"దెయ్యం మా. ఎన్న చిలికేకి సాయం జేస్తా ఉండాది."

"దెయ్యం ఏలా సాయం జేసేది? మీ నాయన ఒక పొద్దు జేసినాడా?"

షాపంతా నవ్వింది. తరవాతి ఫొటో చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు. పెద్ద చేప నోరులాంటి నోరు. పళ్ళు. నోటి లోపల ఎర్రటి మంట. మంటలో చేతులెత్తిన మనుషులు. నరకం అని పాస్టరయ్య ముందే చెప్పి పోయారు.

"దీన్ని యాడ అంటించాల?" అంది అమ్మ.

"కప్పు మింద మా. జనం కూర్చునే చోటుకి నేరుగా పైన."

అమ్మ చేతిలో బంక బ్రష్ ఆగిపోయింది. "నెత్తి మింద నిప్పా? వొద్దు పాపా."

"వాళ్ళ కోయిల్లో అట్లనే ఉండాది మా. ఉండేదాన్ని ఉండినట్లు కట్టాల గదా."

"వాళ్ళు చూసిండరు. నేను చూసినా."

నేను గీశాను. గీసినన్నాళ్ళూ నిద్ర సరిగ్గా పట్టలేదు. ఎరుపు రంగు తడి ఆరుతుంటే అది నిజంగా కదిలినట్టు ఉండేది. అందులో ఒక మనిషికి తెలియకుండానే అమ్మ ముక్కు వచ్చేసింది. భయపడి చెరిపి, ముక్కు మార్చాను.

అవతల కప్పు పని. వానకు తారు ఆరదు, వార్నిష్ అసలే ఆరదు. అణ్ణాచ్చి మైనంలో నల్లరంగు కలిపాడు. స్ప్లింట్లను గోరంత ముక్కలుగా కోసి, మైనంలో ముంచి, చేప పొలుసుల్లా పేర్చాము. నిజం చెక్క పెంకుల్లాగే నల్లగా మెరిశాయి. బొమ్మ మొత్తం నా రెండు చేతులు చాపినంత పొడుగు. లోపల చూడటానికి వీలుగా కప్పు పెట్టె మూతలా లేస్తుంది.

పంపే రోజు మధ్యాహ్నం కప్పు ఎత్తి, ఫోన్ టార్చి వేసి చూశాను. తీగలున్నాయి, నక్షత్రాలున్నాయి, వెన్న చిలికే దెయ్యం ఉంది. నరకం ఉండాల్సిన చోట మిగిలిన తీగల కాగితం అంటించి ఉంది.

"అమ్మా! నరకం యాడ?"

"వాకిట్లో ఉండాది," అంది అమ్మ. ఆయుధాల గది లోపల, పైకప్పుకు అంటించేసింది. బంక గట్టిపడింది. లాగితే గది మొత్తం ఊడొస్తుంది.

"అయ్యగారు చూస్తే ఏమి చెప్పేది మా? షాపు మానం పోతాది!"

"ఎవురు వంగి చూస్తారు? రా, వ్యాను వచ్చింది."

ఆ భయంతోనే బయలుదేరాను. ఓమ్ని వ్యానులో వెనక సీటు మీద నేనూ అమ్మా, మా ఇద్దరి ఒడిలో చర్చి. సాత్తూరులో టీకి ఆగినప్పుడు డ్రైవరు బీడీ తీశాడు.

"తమ్ముడూ, దిగి దూరంగా పోయి తాగు," అంది అమ్మ.

"వట్టి పుల్లే గదక్కా? మందా ఉండాది?"

"మందు లేకుంటే ఏమి? మైనం ఉండాది."

అతను నవ్వుతూ దిగిపోయాడు. నేనూ నవ్వాను. అప్పటికి నా భయమంతా నరకం బొమ్మ గురించే.

పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. చర్చి లోపల దూలాలకు కాగితపు నక్షత్రాలు, గోడలకు జరీ గుడ్డలు. పిల్లలు తెల్ల బట్టలతో, చేతుల్లో కొవ్వొత్తులతో వరుసగా నిలబడ్డారు. మా పుల్లల చర్చిని మధ్యలో బల్ల మీద పెట్టాము. అమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది. కారిన్ అమ్మ పొడుగ్గా, తెల్ల జుట్టుతో, ఎవరో కట్టిన నూలు చీరలో ముందు కుర్చీలో ఉంది.

పాస్టరయ్య సంతోషంగా వచ్చి కప్పు మెల్లిగా ఎత్తారు. చేతిలో నిమ్మకాయంత స్టీలు గిన్నె, గిన్నెలో లావుపాటి కొవ్వొత్తి ముక్క. నేను మెల్లిగా అన్నాను.

"అయ్యా, దీపం వద్దయ్యా. బల్బు పెడదాము."

"బల్బా? వాళ్ళ ఊళ్ళో ఈ నెలలో పగలే చీకటమ్మా. కిటికీ కిటికీకి దీపం పెడతారు. ఆమె ముఖం చూడు నువ్వు, వెలిగిపోతుంది."

"కప్పంతా మైనం అయ్యా."

"గిన్నెలోనే కదా పెడుతున్నాను. భయపడకు." లోపలి గుమ్మం పక్కన గిన్నె పెట్టి, వెలిగించి, కప్పు మూసేశారు. అప్పుడే పిల్లలు పాట ఎత్తుకున్నారు.

ఇంకా గట్టిగా చెప్పాల్సింది. అంతమంది పెద్దవాళ్ళ ముందు, దూరం నుంచి వచ్చినామె ముందు వెనక్కి జరిగి నిలబడ్డాను. షాపులో రేడియోను, అక్కడ మూగదాన్ని. పైన లైట్లు ఆర్పారు. మా చర్చి చిన్న కిటికీలు పచ్చగా వెలిగాయి. తెల్ల గోడ, నల్ల కప్పు, కిటికీలో వెలుగు. అబద్ధం చెప్పను, అంత అందమైనది మా షాపులో ఇంకోటి కట్టలేదు. కారిన్ అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లలు ఇంకా దగ్గరికి జరిగారు.

ముందు వాసన వచ్చింది. అగ్గిపెట్టెల షెడ్డులో పొద్దున్నే మైనం కాగే వాసన. తరవాత కప్పుకు చెమట పట్టింది. పొలుసుల కింద నుంచి నల్లటి చుక్క ఒకటి జారి ఆగింది. ఇంకొకటి లోపలికి పడ్డట్టుంది, కిటికీలో వెలుగు ఒక్కసారి ఎగిరింది. పిల్లల తెల్ల బట్టలు, పైన కాగితపు నక్షత్రాలు, చుట్టూ జరీ గుడ్డ. ఒక్క మంట చాలు.

ఆడవాళ్ళ వైపు నుంచి కేక వినబడింది, తమిళంలో కాదు, మా ఇంటి తెలుగులో.

"మైనం కాలతా ఉండాది! పిల్లోళ్ళ చేతిలో ఒత్తులు ఆర్పండి! బయటికి తీసకపోండి!"

అమ్మ లేచి నిలబడింది. ఆ చర్చిలో సగంమంది ఆడవాళ్ళు పటాసుకో అగ్గిపెట్టెకో పనికి పోయేవాళ్ళే, చాలామంది మా మాట వాళ్ళే. ఒక్కరూ అరవలేదు, పరుగెత్తలేదు. కొంగు బిగించి లేచారు. ఎవరి పక్కన ఏ బిడ్డ ఉంటే ఆ బిడ్డ చేతిలో కొవ్వొత్తి ఊది, రెక్క పట్టుకుని నడిపించుకుపోయారు. తన బిడ్డా పరాయి బిడ్డా అని ఎవరూ వెతకలేదు.

పాస్టరయ్య కప్పు ఎత్తబోయారు.

"ముట్టొద్దయ్యా! తెరిస్తే గాలి తగిలి బగ్గుమంటాది! జయా, వాకిట్లో నించి తియ్యి!"

ఆయుధాల గది గుమ్మంలోకి చెయ్యి పెట్టాను. మెటికల దగ్గర ఇరుక్కుంది. నెట్టాను, తోలు లేచింది, పోలేదు. అమ్మ వచ్చి నన్ను భుజంతో తోసింది. బల్ల పక్కన పూలు ఉంచిన నీళ్ళ బకెట్‌లో చెయ్యి ముంచి మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. లోపలి నేల అంటించింది ఆ చెయ్యే, దారి దానికి తెలుసు. మణికట్టు దాకా లోపలికి పోయింది, ఇంకా పోయింది. నరకం బొమ్మ కిందుగా ఆ మూడు వేళ్ళు వెనక్కి వచ్చాయి. వేళ్ళ మధ్య గిన్నె, బయటి గాలి తగలగానే గిన్నెలో మంట జానెడు లేచి ఊగింది. అమ్మ దాన్ని ఒలకకుండా పట్టుకుని, నిదానంగా బయటికి నడిచి, మెట్ల మీద చెప్పుల పక్కన పెట్టి, అక్కడున్న ఇనప తట్టను దాని మీద బోర్లించింది.

"కాలలేదా మా?" అన్నాను.

"ఆ చేతికి తెల్దు పాపా. తెలిసేది ఆ పొద్దే పాయె."

మళ్ళీ లైట్లు వేశారు. పాస్టరయ్య నా దగ్గరికి వచ్చారు. "నువ్వు చెప్పావమ్మా, నేనే వినలేదు," అన్నారు. మైనం గట్టిపడ్డాక కప్పు తెరిచాము. ఒక పక్క కుంగిపోయింది. లోపల తీగలకు పొగ పట్టింది. కారిన్ అమ్మ ఫోన్ టార్చి వేసి కప్పు లోపల వెతకసాగింది. తనకు తెలిసిన కప్పు కదా. ఆమె దేనికోసం వెతుకుతోందో నాకు తెలుసు. వెతికి వెతికి వంగి, ఆయుధాల గదిలోకి చూసింది. అయ్యతో ఏదో అంది.

"నరకం ఇక్కడెందుకు ఉందని అడుగుతోంది," అన్నారు అయ్య.

నేను అమ్మను చూశాను. అమ్మ దాచలేదు. "పనికి పొయ్యేటప్పుడు నిప్పును గేటు కాడనే ఇడిసి పోవాల. లోపల మనుషులు ఉండారు గదా," అంది. నేను తమిళంలో చెప్పాను, అయ్య ఇంగ్లీషులో చెప్పారు.

కారిన్ అమ్మ ఆ బొమ్మ వైపు చెయ్యి చూపించింది. చిన్నప్పుడు ఆ నోటి కిందే తన కుటుంబం కూర్చునేదట. ఆరాధన అయ్యేవరకు ఒక్కసారి కూడా తల ఎత్తేది కాదట, అంత భయమట. ఆ మాట చెప్పి, అమ్మ మూడు వేళ్ళ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"బాగు చేసి ఇస్తామని చెప్పండయ్యా," అన్నాను. కుంగిన కప్పును కూడా ముట్టుకోవద్దని ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆ తరవాత మా షాపులో మైనం మానేశాము. ఆలస్యమైనా వార్నిష్ ఆరేదాకా ఆగుతాము. ఆర్డరు వచ్చినప్పుడు పొడుగెంత, రంగేమిటి అని అడిగే ముందు, అది ఎక్కడ ఉంటుంది, దాని దగ్గర ఎవరు ఏం వెలిగిస్తారు అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను. నా భయాన్ని ఒకసారి మెల్లిగా చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు వినబడేదాకా చెబుతాను.

కారిన్ అమ్మ ఊరు చేరాక ఒక ఫొటో పంపింది. బయటంతా మంచు. మా చర్చి ఆమె చర్చిలో బల్ల మీద ఉంది. లోపల కాదు, వాకిలి ముందున్న ఆయుధాల గదిలో, కుంగిన కప్పుతో.

అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచి పని జేసింది. ఆడనే ఉండనీ," అని ఫోన్ నా చేతికిచ్చి, బంక కలుపుకోవడానికి లేచింది.