ఢిల్లీలో చేతులు లేపుతారా?

1977 మార్చి. జహీరాబాద్ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నన్ను ఝరాసంగం దగ్గరి ఒక పల్లెకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా పంపారు. పోలింగు గదికి ఒక రోజు పెద్దరికం అన్నమాట. దానికి గుర్తుగా బడిలోని విరగని కుర్చీ నాకిచ్చారు.

పదకొండింటికి నర్సింలు వచ్చాడు. వార్డు మెంబరు, చేసేది కూలిపని. బ్యాలెట్ కాగితం చించాక అదే వరస సంఖ్యతో మా దగ్గర మిగిలే ముక్కను కౌంటర్‌ఫాయిల్ అంటారు. దాని మీద జాబితాలోని అతని నంబరు రాసి, వేలిముద్ర తీసుకున్నారు. కాగితం పట్టుకుని అతను నా దగ్గరికొచ్చాడు.

"సారూ, ఢిల్లీల కూసునేటాయన పేరు గిండ్ల లేదా?"

"లేదు. ప్రధానిని మీరు గెలిపించినవాళ్లు అక్కడ కూడి ఎన్నుకుంటారు."

"చేతులు లేపా? చీటీలేసా?"

శిక్షణలో ఆ పాఠం లేదు. తెలియదన్నాను.

"ఉపసర్పంచ్‌ను ఎన్నుకున్ననాడు మేం చేతులే లేపినం. పటేల్ మనిషికి నేను లేపలే. గప్పటిసంది అల్లం చేన్లకు కూలికి పిలుస్తలేరు." గొంతు తగ్గించాడు. పటేల్ తమ్ముడు ఏజెంటుగా, అంటే ఒక అభ్యర్థి తరఫున చూసుకునే మనిషిగా, నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. "నా నంబరు రాసుకున్నరు గదా. దొరుకుత."

చదువుకున్నవాణ్ణి కనుక నిజం చెప్పాను. కోర్టు ఆదేశిస్తే తప్ప ఆ ముక్కనూ ఓటునూ ఎవరూ కలిపి చూడరన్నాను. అతనికి వినబడింది కోర్టు ఒక్కటే.

"వద్దు సారూ. పిల్లలున్నరు. తీస్కో." కాగితం నా ముందుకు చాచాడు.

తీసుకుంటే దాని మీద 'వాపసు, రద్దు' అని రాయాలి. ఏజెంటు మెడ అప్పటికే మావైపు తిరిగింది. వాపసిచ్చినవాడు ఎటు వేయబోయాడో ఆ మెడకు ఒకరు చెప్పక్కర్లేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అడ్డం వెనక్కి పో. ముద్ర వేస్తావో, ఊరికే మడుస్తావో, నాక్కూడా చెప్పకు."

వరసలో వెనకున్న అతని భార్య విసుక్కుంది. "జల్దీ పోరాదు. ఢిల్లీ ముచ్చట ఇంట్ల జెప్పుదువు."

అడ్డంగా కట్టిన గోనెపట్టా వెనక చాలాసేపు ఉన్నాడు.

"ఏందిరా, నిద్రవోయినవా?" అన్నాడు ఏజెంటు.

మాట్లాడవద్దని హెచ్చరించాను.

నర్సింలు వచ్చి, మడిచిన కాగితాన్ని పెట్టెలో వేశాడు. పోతూ అడిగాడు: "ఆడ ఎన్నుకునేటోళ్లకు గిట్ల అడ్డం కడ్తరా సారూ?"

వరసలో తర్వాతివాళ్లను రమ్మన్నాను.

అతను ఎవరికి వేశాడో, అసలు ముద్ర వేశాడో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఇంకొన్ని ఎన్నికలు జరిపించాను. భయపడి అడిగినవాళ్లకు నిబంధన వినిపించడం మానేశాను. "ఎవరికీ తెలియదు, పో" అనేవాణ్ణి. అది పూర్తి నిజం కాదు. అయినా కాగితం పెట్టెలో పడేది.