రాతిలో నూనె, రాతిమీద పసుపు

డెబ్బైల మొదట్లో నా ఉద్యోగం రాయిలోంచి నూనె పిండటం. ఉన్నదున్నట్టు చెబితే ఎవరూ పిల్లనివ్వరని, నాచారంలో అందరితో "సర్కారు పరిశోధన" అని మాత్రమే అనేవాణ్ణి. ఆ ఒక్కమాటకే ఉప్పల్‌లో మా మామ పిల్లనిచ్చేశాడు. పరిశోధన సర్కారుదే, అందులో అబద్ధం లేదు. నేను మాత్రం టెంపరరీ. పొడిగిస్తే ఉన్నట్టు, మరిచిపోతే లేనట్టు.

మా ల్యాబు హబ్సిగూడ దాటాక ద్రాక్షతోటల పక్కన ఒక రేకుల షెడ్డు. ఎండాకాలం అందులో నిలబడితే రాయికన్నా ముందు మాలోంచే నూనె కారేది. అందులో ఒక పంపు. దాన్ని ఆన్ చేస్తే ఆ మోతకు నాచారందాకా పాలు విరిగిపోయేవని చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, నేనే చెప్పేవాణ్ణి.

నేల అడుగున నూనె చెరువులా నిండి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఇసుకరాయి లోపల, కంటికి ఆనని సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. బావి తవ్వితే కొంత దానంతటదే పైకొస్తుంది. నీళ్లతో తోస్తే ఇంకొంత. మిగిలింది మాత్రం, తక్కువ కిరాయికి మంచి ఇల్లు దొరికినవాడిలాగా, ఖాళీ చేయనంటే చేయదు. ఆ మొండిదాన్ని కదిలించడానికి నీళ్లలో సబ్బులాంటి మందూ, సోడా కలిపి రాయిలోకి ఎక్కించాలి. జిడ్డుగిన్నె తోమినట్టే. నేను యూనివర్సిటీలో అంత చదువు చదివి చేస్తున్నది అంట్లు తోమడమే. కాకపోతే గిన్నె లోపల కాదు, బండ లోపల.

మా ఆఫీసరు కృష్ణాజిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి. సైన్సును తప్ప దేన్నీ, ఎవరినీ నమ్మడు. గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో కూడా లెక్కవేసి చూసుకునే రకం. ఏటా ఆయుధపూజకు అటెండరు మిషన్లకు బొట్లు పెడుతుంటే ఆయనకు ఒళ్లు మండేది.

"ఏంటయ్యా ఈ మూఢత్వం! పంపుకి పసుపెందుకు? గ్రీజు పెట్టు."

ఉప్పల్ ఊళ్లో పుట్టిపెరిగిన అటెండరు జంకేవాడు కాదు. "గ్రీజు మీరు పెట్టుండ్రి సార్, పసుపు నేను పెడ్త. ఏది పన్జేస్తదో సూద్దాం."

ఆ ఏడు దసరా కాగానే ఢిల్లీ నుంచి కమిటీ వస్తుందని కబురొచ్చింది. వాళ్ల కళ్లముందు రాయిలోంచి మొండినూనె కదిలితే నా పోస్టు పర్మినెంటు. కదలకపోతే పోస్టు రద్దు, నేను ఇంటికి. ఇంటికి అంటే, మామ కళ్లముందుకి. ఆయన అప్పటికే వారంవారం విచారణ జరుపుతున్నాడు.

"ఏం అల్లుడా, పర్మినెంట్ ఎప్పుడైతది?"

"బండలకెల్లి నూనె రాంగనే అయితది మామా."

"గానుగల పల్లీలేస్తె నూనె అస్తది గని, బండలకెల్లి తీసుడేంది? మస్తు సదివినవని పిల్లనిస్తి. నువ్వేమో బండలు పిండవడ్తివి!"

ఆయుధపూజ రోజున షెడ్డులో అడుగుపెట్టి, తప్పు షెడ్డుకొచ్చానేమోనని వెనక్కి తిరగబోయాను. మా ఆఫీసరు పట్టుపంచె కట్టుకుని, నుదుట గుమ్మడికాయంత బొట్టుతో నిలబడి ఉన్నాడు. కమిటీ భయం అంతటి సైన్సునూ రాత్రికి రాత్రే కడిగేసింది. అటెండరు పంపుకు పసుపు రాయబోతే గిన్నె లాక్కున్నాడు. "తప్పుకోవయ్యా, నేను పెడతాను. అసలు పూజ చెయ్యాల్సింది పంపుకి కాదు, రాయికి!"

ఆ రాయి గుప్పిట్లో పట్టేంత, రోకలిని తెగ్గోసినట్టుండే గుండ్రటి ఇసుకరాయి ముక్క. నూనె పట్టించి, నీళ్లతో తోసి, వచ్చేదంతా వచ్చేశాక, మొండినూనె మాత్రం మిగిలిన స్థితిలో కమిటీ కోసం భద్రంగా జాడీలో దాచి ఉంచాం. ఆయన దాన్ని తీసి పీటమీద నిలబెట్టి, తడిపిన పసుపు పైముఖానికి మెత్తాడు. మెత్తడమంటే మామూలుగా కాదు, గోడకు సిమెంటు చేసినట్టు. ఆ పైముఖం లోంచే నూనె బయటికి రావాలి.

"సార్, సందులు పూడుకుపోతాయేమో..."

"నీలాంటివాళ్ల వల్లే దేశం ఇలా ఉందయ్యా. దణ్ణం పెట్టు."

పెట్టాను. నా పోస్టుకు అదే ఆఖరి దణ్ణం అనుకున్నాను.

కమిటీ వచ్చే రోజు పొద్దున ఆయన పట్టుపంచె పోయి ప్యాంటు వచ్చింది. దాంతోపాటు కొంత సైన్సు కూడా వచ్చింది. రాయిని చేతిలో పట్టుకుని దిగాలుగా, "తుడిచేద్దామంటావా?" అన్నాడు నాతో.

"పూజ జేసిన పసుపు తుడుస్తరా సార్?" అన్నాడు అటెండరు. "మీ ఇష్టం. తుడిస్తె తుడువుండ్రి, నాదేం బోతది. నేనైతె పర్మినెంట్."

ఆఫీసరు పాలిపోయాడు. "సైన్సు ప్రకారం తుడవాలి," అని కాసేపు పైకప్పు రేకుల్ని చదివి, "ఉండనియ్యవయ్యా, ఎందుకొచ్చిన గొడవ," అని రాయిని అలాగే ఉక్కుగొట్టంలో బిగించాడు.

కమిటీ వచ్చి కుర్చీల్లో కూర్చుంది. సోడా, మందు కలిపిన నీళ్లు రాయిలోకి ఎక్కించాను. పంపు గర్జించింది. ప్రెషర్ ముల్లు ఎక్కింది, ఇంకా ఎక్కింది. అవతలి గొట్టం కింద పెట్టిన గాజుపాత్రలో చుక్క లేదు. నాకు ఆ ముల్లు చివర మా మామ ముఖం కనిపిస్తోంది. ఇక ఉక్కుగొట్టమో, నేనో పగలాల్సిన క్షణంలో పసుపు దారి ఇచ్చింది. ముందు నీటిచుక్కలు. వెనకాలే నల్లటి నూనెచుక్క, తర్వాత మరొకటి. మొండినూనె ఇల్లు ఖాళీ చేస్తోంది! నేను పాత్రకు సాష్టాంగపడబోయాను.

అప్పుడే నూనె వెనక ఎర్రటి ధార మొదలైంది. పలచగా కాదు, మేకను కోసినట్టు.

పసుపులో సున్నం కలిపితే నీళ్లు ఎర్రబడతాయి; హారతి పళ్లెంలో చూడనివాడెవడు? సోడా తగిలినా అంతే. సోడానీళ్లు రాయంతా దాటుకుని చివరి ముఖానికి చేరేసరికి అక్కడ ఆఫీసరుగారి భక్తి కాచుకుని ఉంది.

"సార్, రాయి నెత్తురు కక్కుతున్నది!" అని అటెండరు కేకపెట్టి చెప్పులు విడిచాడు.

కమిటీ అధ్యక్షుడికి తెలుగు రాదు. కళ్లజోడు సవరించుకుని, ఏమంటున్నాడని ఇంగ్లీషులో అడిగాడు.

మా ఆఫీసరు ఊపిరి కూడా తీసుకోకుండా ఇంగ్లీషులోనే అందుకున్నాడు. "మందు రాయి చివరిదాకా చేరిందంటున్నాడండి. చేరిన క్షణం తెలియడానికి రంగు పెట్టాం. పూర్తిగా స్వదేశీ."

అధ్యక్షుడి ముఖం వెలిగింది. లోపల మందు ఎక్కడిదాకా వచ్చిందో తెలియక దేశదేశాల ల్యాబులు తలలు బద్దలు కొట్టుకుంటున్నాయనీ, ఇంత సులువుగా ఎవరూ చూపించలేదనీ పొగిడి, ఈ ఆలోచన ఎవరిదన్నాడు. మా ఆఫీసరు నన్ను ముందుకు తోశాడు. వినయమని అధ్యక్షుడు అనుకున్నాడు. రేపు ఎవరైనా సంజాయిషీ అడిగితే చెప్పాల్సింది ఎవరో అప్పుడే నిర్ణయమైపోయిందని నాకు తెలుసు.

కమిటీ తేల్చింది ఇది: నూనె పిండటం బాగానే ఉంది, ఇక చాలు. రంగు సంగతి మాత్రం లోతుగా పరిశోధించాలి. అందుకు ఈ కుర్రవాణ్ణి పర్మినెంటు చేయాలి.

ఆర్డరు చేతికొచ్చిన సాయంత్రం సైకిలు తొక్కలేదు, అదే నన్ను ఎగరేసుకుని ఉప్పల్ చేర్చింది. మామ వాకిట్లో మంచంమీద ఉన్నాడు.

"పర్మినెంట్ అయింది మామా!"

"అయిందా! అంటె బండలకెల్లి నూనె అచ్చినట్టేనా? ఎంతచ్చింది?"

చెంచాకు కాస్త తక్కువని చేత్తో చూపించాను.

"గంతేనా! గా జర నూనెకు పర్మినెంట్ జేసిన్రా?"

"నూనెకు కాదు మామా, పసుపుకు."

జరిగింది మొత్తం చెప్పాను. ఆయన చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు. తర్వాత గడప దగ్గర కూర్చున్న మా అత్తను చూసి, నన్ను చూసి అన్నాడు:

"మీ అత్త పెండ్లయిన్నాటి సంది గడపకు పసుపు రాస్తనే ఉన్నది. గీమెనెవ్వడు పర్మినెంట్ జెయ్యకపాయె?"

"దరఖాస్తు వెట్టు మామా, సూద్దాం," అన్నాను. అప్పటికే పర్మినెంటు ఉద్యోగిని.