మేనత్త ఎంచిన మాటల్లేని పాట

పోయిన నెల ఒక పొద్దున ఫోన్‌లో నాన్న పేరు కనపడగానే ఏదో జరిగిందని అర్థమైంది. నాన్న నాకు ఫోన్ చేయరు. మాట్లాడితే మేనత్త ఫోన్‌లోంచే, అదీ ఆవిడ బలవంతం మీద రెండు ముక్కలు. "అత్త పోయిందమ్మా," అన్నారు. కాఫీ తాగి, కుర్చీలోనే ఒరిగిపోయిందట. ఏడుపు కంటే ముందు నాకు భయం వచ్చింది. నాన్ననీ నన్నూ కలిపి పట్టుకున్న చెయ్యి అదొక్కటే.

ఆవిడ మీకెవరికీ తెలిసిన మనిషి కాదు. నాన్నకి అక్క. చిన్న వయసులోనే భర్త పోతే నూజివీడులో మా ఇంటికి వచ్చేసింది. మాది మామిడికాయల వ్యాపారం. కాయ చెట్టు మీద ఉన్నంతకాలం ఇంట్లో ఎవరి ప్రాణమూ కుదుటపడదు. ఈదురుగాలి లేస్తే నాన్న వసారాలో అటూ ఇటూ తిరిగేవారు. అత్త నన్ను ఒళ్లోకి లాక్కుని, నోరు మూసుకుని ఏదో కూనిరాగం తీసేది. "భయం వేస్తే మాటలు మర్చిపోతామే, రాగం మర్చిపోం," అనేది. నా వీపుకి ఆవిడ గుండె దడదడా తగులుతూ ఉండేది. ఆవిడా భయస్తురాలే. కానీ భయపడుతూనే మమ్మల్ని పట్టుకునేది.

నేను చాట్రాయి అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు ఇంట్లో పెద్ద గొడవైంది. వాళ్లు క్రైస్తవులు, వ్యవసాయం. చివరికి రిజిస్టర్ పెళ్లికి సరేనని, హనుమాన్ జంక్షన్‌లో రిసెప్షన్‌కి మాత్రం వస్తానన్నారు నాన్న. "అక్కడ ఒక్క ప్రార్థన పాట వినపడిందా, లేచి వచ్చేస్తాను. మళ్లీ నీ గుమ్మం తొక్కను." నాన్న అన్నారంటే అంతే.

పాటలు ఎంచే పని అత్త నెత్తినేసుకుంది. గోడౌన్‌లో కాయల ట్రేల మధ్య కూర్చుని నా ఫోన్‌లో ఒక్కో పాటా వింది. మన భక్తి పాటలు పెడితే చాట్రాయి వాళ్లు నొచ్చుకుంటారు. సినిమా పాటలంటే, "అన్నీ లేచిపోదాం రా అనే పాటలే కదే! మీ నాన్న తనని దెప్పుతున్నారనుకుంటాడు," అంది. చివరికి తేల్చేసింది. "మాటల్లేనిది పెట్టించు. మాటలుంటేనే మనుషులు తగూలాడుకునేది." గాలిరోజుల్లో తను తీసే ఆ రాగాన్నే కీబోర్డు అబ్బాయికి ఫోన్‌లో వినిపించి, ఇదే మొదట వాయించమంది.

రిసెప్షన్‌లో కీబోర్డు మొదలైంది. నెమ్మదైన రాగం. అంతే, చాట్రాయి వాళ్లంతా లేచి నిలబడి తలలు వంచారు. చర్చిలో పాట ఎత్తుకోగానే లేవడం వాళ్ల అలవాటు. ఇదీ ప్రార్థనే అనుకున్నారు. మావాళ్లు కూర్చునే ఉన్నారు. నాన్న మొహం మాడిపోయింది. ఆయన కాలితో చెప్పులు వెతుక్కోవడం స్టేజి మీంచి నాకు కనపడింది.

అప్పుడు అత్త లేచింది. నాన్న మోచెయ్యి పట్టుకుని, నలుగురికీ వినపడేలా అంది. "లేరా తమ్ముడూ! పిల్లనిచ్చినవాళ్లమని మనకి మర్యాద చేస్తున్నారు. వాళ్లు నిలబడితే మనం కూర్చుంటామా?"

నాన్న అక్క మొహంలోకి చూశారు. అసలు సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా లేచారు. ఆయన్ని చూసి మావాళ్లంతా లేచారు. మా ఆయన తండ్రి, మామయ్యగారు, అటునుంచి చేతులు జోడించారు. కాసేపటికి అత్త నా పక్కకొచ్చి, "కాళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయే, ఒక స్వీటు ముక్క ఇలా తెప్పించు," అంది.

ఆ తర్వాత నాన్న మా ఇంటికి వచ్చినప్పుడల్లా అత్త వెంటే వచ్చారు. మామయ్యగారిని మాత్రం తన ఇంటికి ఎప్పుడూ పిలవలేదు. అందుకే ఆవిడ పోయిన రోజు మామయ్యగారు "నేనూ వస్తానమ్మా," అంటే, దారి పొడుగునా కారులో నాకు ఒకటే భయం. అందరి ముందూ నాన్న మొహం తిప్పుకుంటే? ఇక నన్ను చూడ్డానికి ఆయన్ని లాక్కొచ్చేదెవరు? నోరు మూసుకుని అత్త రాగం తీయబోయాను. గుర్తురాలేదు. భయం మరీ ఎక్కువైతే రాగం కూడా మర్చిపోతాం అత్తా.

చావింట్లో వచ్చినవాళ్లని రమ్మనకూడదు, లేచి ఎదురెళ్లకూడదు. మావాళ్లకి అది గట్టి పట్టింపు. వసారాలో అత్తని పడుకోబెట్టారు. తల దగ్గర కుర్చీలో నాన్న. మామయ్యగారు గేటు లోపల చెప్పులు విడిచి, అక్కడే ఆగిపోయారు. నాన్న తలెత్తి చూశారు. నేను కళ్లు మూసుకున్నాను.

"అన్నయ్యా, కూర్చో, లేవకూడదు," అని బాబాయి గొంతు వినపడింది.

కళ్లు తెరిచాను. నాన్న లేచి నిలబడి ఉన్నారు, కుడిచేత్తో తన ఎడమ మోచేతిని తనే పట్టుకుని.