తెలుసు, వచ్చు

మా నాన్న లెక్కలో జ్ఞానానికి రెండే మాటలు. ఒకటి తెలుసు, రెండోది వచ్చు. అక్కాచెల్లెళ్ళమైన మా ఇద్దరికీ చెరొకటి పంచిపెట్టాడు. “పెద్దదానికి అన్నీ తెలుసు. సిన్నదానికి పనొచ్చు” అని మా రైల్వే పేట పూరీ గేట్‌లో ఎవరింటికెళ్ళినా అదే పాట. నాకు పీహెచ్‌డీ వచ్చిన రోజూ అదే అన్నాడు. చెల్లి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన రోజు మాత్రం వీధంతా మిఠాయి పంచాడు. నాకు కడుపు మండిపోయింది. ఇప్పటికీ చల్లారలేదు, దాచుకోవడమెందుకు?

నాన్న కూడా అక్కడే ఫిట్టరుగా రిటైరయ్యాడు. రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులుందో లేదో చెప్పేవాడు. మా చిన్నప్పుడు ఖరిదా బజారులో కుండలు కొనేటప్పుడు ఆ విద్య మాకూ నేర్పబోయేవాడు. వేలి కణుపుతో కుండను కొట్టి, “ఏటంతంది?” అని అడిగేవాడు. చెల్లి వెంటనే ఏదో ఒకటి అనేసేది. చాలాసార్లు తప్పే. కుండలమ్మే దీదీ కూడా నవ్వేది. నాన్న మాత్రం, “ఇంకోపాలి ఇను” అని మళ్ళీ కొట్టేవాడు. ఆ ‘ఇంకోపాలి’లన్నీ దానివే. నేను నోరు విప్పితే కదా నాకు దక్కడానికి! తప్పు చెప్పి నవ్వులపాలు కావడం నా వల్ల కాదు. ఇంటికొచ్చి, పగిలిన కుండ మోత ఎందుకు మారుతుందో పుస్తకంలో వెతికి చదివి వినిపించేదాన్ని. “నీకు తెలుసమ్మా” అనేవాడు, పేపరు తిప్పుకుంటూ.

ఇప్పుడు నేను కాబోయే టీచర్లకు పాఠాలు చెబుతాను. జ్ఞానమంటే ఏమిటి, అది మనిషిని ఎలా పెంచుతుంది అన్నది నా సబ్జెక్టు. తప్పు చెప్పే చనువు దొరికిన పిల్లలే ఎదుగుతారని ఏటేటా నోట్సు రాయిస్తాను. బాగా చెబుతానని పేరు కూడా ఉంది.

నిరుడు విశ్వకర్మ పూజకు ముగ్గురం టోటో రిక్షాలో వర్క్‌షాపుకి వెళ్ళాం. ఆ ఒక్కరోజే కుటుంబాలను లోపలికి రానిస్తారు. పనిముట్లకు బొట్టు పెట్టి, దండలేసి పూజలో ఉంచుతారు. ఆ రోజు వాటితో ఎవరూ పనిచేయరు. లోపల అందరూ చెల్లిని పలకరించేవారే. అది ఓ మూలనున్న పాత చక్రాలు చూపిస్తూ, “ఈటిలో ఒకదాని పగులు నానే పట్టినాను నానా, మోత సచ్చిపోనాది” అంది. అప్పుడు నాన్న మొహం చూడాలి! నా పట్టాలు ఏవీ ఆ మొహాన్ని అలా వెలిగించలేదు.

నాకేం పూనిందో, పూజలోని సుత్తి లాగి, ఆ పాత చక్రాల్లో ఎదురుగా ఉన్నదాన్ని ఠంగున కొట్టాను. దండ తెగి పూలు రాలాయి. “ఆజ్ నహీ, దీదీ!” అని అక్కడ పనిచేసే దాదా ఎవరో కేకేశాడు.

“బాగానే ఉంది” అన్నాను, అందరికీ వినబడేలా.

“అక్కా, నాను సెప్పిన పగిల్ది ఇదే” అంది చెల్లి, నవ్వాపుకుంటూ.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నలభై దాటాక, నాన్న ముందు మొదటిసారి తప్పు చెప్పాను. సుత్తి పెట్టేయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ దాదాకి, పూజలోని దేవుడికి కలిపి ఒకే దండం పెట్టి, నావైపు తిరిగాడు.

“ఇంకోపాలి కొట్టమ్మా” అన్నాడు.