రెండు గీతల్లో మనది ఏది?

“తమ్మీ, ఈ గ్రాఫ్‌ల మన గీత ఏది?” అని మా పత్రిక యజమాని సేఠ్ ఫోన్లో అడిగాడు. నా చేతిలో ఆ వారం పత్రిక ఉంది. నాలుగో పేజీ నడిమధ్యన నేను రెండు వారాలు తంటాలుపడి వేయించిన గ్రాఫు ఉంది. అందులో రెండు గీతలున్నాయి. రెండూ ఒకే నలుపు.

ఆ రోజుల్లో, అంటే పాల ప్యాకెట్టుకైనా మాస్కు లేకుండా గడప దాటలేని కాలంలో, నేను సూరత్‌లోని ఒక తెలుగు వారపత్రికలో కొత్త ఉపసంపాదకుణ్ణి. (సంపాదకుడు సొంతూరికి వెళ్లి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయాడు కాబట్టి, ‘ఉప’ అన్న ముక్క నేనే తీసేసుకున్నాను.) మా సేఠ్ తెలుగువాడే, రింగ్ రోడ్‌లో చీరల వ్యాపారి, పత్రిక ఆయన సరదా. న్యూస్‌ప్రింట్ దొరకడం కష్టమై ఎనిమిది పేజీలు నాలుగయ్యాక ఆ సరదా కూడా సగమైంది. అచ్చు ఆపేసి వాట్సాప్‌లో పంపితే చాలదా అన్నాడు. వాట్సాప్‌కి ఉపసంపాదకుడు అక్కర్లేదని నాకు వెంటనే తట్టింది.

పక్క దుకాణంలో ధర కనుక్కోకుండా తన చీర ధర చెప్పే మనిషి కాడాయన. పత్రిక సంగతీ అంతే. “పక్క దేశపోడు కాయితం తెప్పిస్తుండా, బంద్ జేసిండా? మనదీ వానిదీ పదేండ్ల లెక్క పక్కపక్కన పెట్టి ఛాపు. జూసి, అచ్చు ఉంచుడో ఆపుడో చెప్త” అన్నాడు. (ఆ దేశం పేరెందుకు, నా తప్పులో దానికి వాటా లేదు.) అచ్చులో చూస్తే తప్ప ఆయన దేన్నీ నమ్మడు. న్యూస్‌ప్రింట్ దిగుమతి లెక్కలు పోగుచేశాను. మొదట పైనున్న మన ఎర్ర గీత మధ్యలో వాళ్ల నీలం గీతను దాటి కిందికి జారింది. వాళ్లది నింపాదిగా పైకి పోయింది. గుండె దిటవు చేసుకుని, ‘ఎరుపు మనది, నీలం వాళ్లది’ అని కింద రాసి ప్రెస్సుకు పంపించాను. ఖర్చు తగ్గడానికి రంగుల అచ్చు మానేద్దామని ముందు వారమే సలహా ఇచ్చిన మేధావి కూడా నేనే.

ఊళ్లోనే గోడాదరా పేటలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మా మేనమామ పొద్దున్నే ఫోన్ చేశాడు. “ఏంది అల్లుడూ, రెండు దారాలు ఒక్క రంగే ఎక్కిచ్చినవ్? సాంచె మీద నేను గిట్ల జేస్తే మాల్ మొఖాన కొడ్తరు!” ఆ నవ్వు చెవిలో ఉండగానే సేఠ్ ఫోన్.

“నడుమ రెండూ కలిసినయ్ గదా. కలిసినంక మనది ఎటు వోయింది?”

“పైకి సార్” అన్నాను. నాలుక దానంతటదే అనేసింది, నేను అడ్డుపడలేదు.

“సరే, ఛాపుదాం తియ్.”

ఇప్పుడు గ్రాఫు వేయిస్తే ఒక గీతను చుక్కలుగా పెట్టిస్తాను. ఈమధ్య సేఠ్ దుకాణానికి వెళ్తే, బల్ల మీది అద్దం కింద ఆ పేజీ ముక్క పసుపెక్కి కనిపించింది. కిందికి జారే గీతను ఎర్ర పెన్నుతో దిద్ది, పక్కన ‘మనది’ అని రాసి ఉంది. అక్షరాలు సేఠ్‌వే. నా చూపు గమనించి చాయ్ నా ముందుకు జరిపాడు.

“పత్రిక టైంకే వస్తుంది గదా?”

వస్తోందన్నాను. అది నాకు ఫోన్ చేశాక దిద్దాడో, చేయకముందే దిద్దాడో నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.