ఆ రోలు ఎవరిది?

స్టేజి మీద ఏనుగు మాయమైనా సరే, ఆదోని వెంకోబారావు అదెట్లా మాయమైందని అడిగే మనిషి కాదు. ఆ ఏనుగును ఎక్కడ కొన్నారు, అంతకుముందు ఎవరి దగ్గరుండేది అని అడిగే మనిషి. అదీ ఆట అయిపోయాక కాదు. గుడారమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నప్పుడు లేచి నిలబడి మరీ అడిగేవాడు.

ఉద్యోగం లెక్కల పంతులు. పిచ్చి మాత్రం మ్యాజిక్ వాళ్ళ చరిత్ర. కాలం చేసిన గారడీవాళ్ళ కోట్లు, విరిగిన మంత్రదండాలు, చెదలు కొట్టిన వాల్‌పోస్టర్లు ఎక్కడున్నాయంటే అక్కడికి పోయి, బతిమాలి తెచ్చి ముందుగదిలో పేర్చేవాడు. ఇంట్లో చోటు లేక ఆయన భార్య తులసీబాయి జొన్నల మూటలు మంచం కింద పెట్టుకునేది. ఒకసారి చుట్టాలొచ్చిన హడావుడిలో ఆమె ఒక గారడీ చెంబులో మజ్జిగ పోసింది. తీరా వంచితే చుక్క రాలేదు.

"ఏమండీ, మజ్జిగ యాడికి పోయింది?"

"మజ్జిగ పోతే పోనీలేవే, చెంబు ఇంకా పనిచేస్తాంది!" అని ఆయన చుట్టాల ముందే గంతులేశాడు. పాపం, చుట్టాలు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

ఆయన పేరు చెబితే ఒళ్ళు మండే మ్యాజిక్ వాళ్ళలో మొదటివాడు బడే సాబ్. హొళగుందలో అతను టోపీలోంచి పావురాన్ని తీయబోతుంటే, "ఆగప్పా! ఆ టోపీ ఎవరిది?" అని కేక. పత్తికొండలో బల్ల గాల్లో తేలుతుంటే, "ఆగప్పా! ఆ బల్ల ఎవరు చేసినారు?" అని కేక. జనం గొల్లుమనేవాళ్ళు.

"ఆ సామికి నేనేం పాపం చేసినానో!" అని బడే సాబ్ పళ్ళు నూరేవాడు. స్టేజి మీద అతనికి సాయం పట్టే భార్య సైదా బీ నవ్వి ఊరుకునేది.

ఆ యేడు ఎమ్మిగనూరు జాతర నాటికి బడే సాబ్ కుడిచేతికి వణుకు పట్టుకుంది. గుడారాలకు జాగాలు పంచే పెద్దమనిషి రామన్న మొహం మీదే చెప్పేశాడు.

"సూడు సాబూ, పోయిన యేడే నీ చేయి తడబడింది. ఈపొద్దు మొదటి ఆటకు ముందు వరసలో కూసుంటా. తప్పినావంటే నీ జాగా రంగులరాట్నమోల్లకే."

ఆ జాగా పోతే ఆట పోయినట్టే. బడే సాబ్‌కి ఇంకో పని రాదు, వచ్చినా చేయబుద్ధి కాదు. టికెట్లు చించే హుసేనప్పను పిలిచి, "ఎవర్నన్నా ఇడువు గానీ, ఆ రావును మాత్రం లోపలికి ఇడిసినావంటే కాళ్ళిరగ్గొడతా!" అన్నాడు.

"ఆయప్ప అప్పుడే వచ్చినాడన్నా. తలకు రుమాలు సుట్టుకోనుంటే గుర్తు పట్టలేదు."

బడే సాబ్ తెర సందులోంచి జనంలో ఆ రుమాలు కోసం వెతికాడు.

మధ్యాహ్నం ఆట మొదలైంది. రామన్న చేతి గడియారాన్నే అడిగి తీసుకుని, ఇనుప రోట్లో వేసి దంచి, మళ్ళీ బాగు చేసి ఇవ్వాలి. అసలు గడియారం కోటు చేతిలోకి జారిపోవాలి, రోట్లో పడేది డొక్కు గడియారం. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న ఆటే. కానీ ఆ పూట వేళ్ళు మాట వినలేదు. అసలు గడియారం చేతిలోంచి జారి స్టేజి చెక్కల మీద పడింది. సైదా బీ ఆ చివర ఉంది. రామన్న కళ్ళు ఇంకా రోటి మీదే ఉన్నాయి. అవి జానెడు కిందికి దిగితే అంతా అయిపోయినట్టే. బడే సాబ్‌కి వంగడానికి ధైర్యం చాలలేదు.

"ఆగప్పా బడే సాబూ!" వెనక వరసలో వెంకోబారావు బెంచీ మీదికెక్కి నిలబడ్డాడు. "ఆ రోలు ఎవరిది?"

గుడారమంతా వెనక్కి తిరిగింది.

"కూసో సామీ!"

"కూసోను! ఆదోని రోలా, బళ్ళారి రోలా? చెప్పేదాకా కూసోను!"

ఎవరో చెరుకుపిప్పి విసిరారు, అది వెళ్ళి ఆయన రుమాలుకు తగిలింది. ఇంకొకరు బొరుగుల పొట్లం విసిరారు. రామన్న కూడా వెనక్కి తిరిగి, "ఈయన్ని బయటికి ఈడ్సండ్రా!" అని అరిచాడు. ఆ రభసలో బడే సాబ్ వంగి గడియారాన్ని ఎడమచేత్తో అందుకుని కోటు చేతిలోకి తోశాడు. అది లోపలికి పోవడమూ, వెంకోబారావు గమ్మున కూర్చోవడమూ ఒక్కసారే జరిగాయి! జవాబు రాకుండానే కూర్చున్నాడు.

రామన్న గడియారం రామన్నకు చేరింది. చెవి దగ్గర పెట్టుకుని చూసి, "భేష్ సాబూ! వచ్చే యేడు కూడా జాగా నీదే," అన్నాడు. బడే సాబ్‌కి ఆ మాట సగమే వినబడింది. హొళగుందలో టోపీ అంచున పావురం తోక ముందే బయటపడిన సంగతి, పత్తికొండలో బల్ల తాడు జనానికి కనబడబోయిన సంగతి అప్పుడు తట్టాయి అతనికి.

ఆట అయ్యాక గుడారం వెనక వెంకోబారావు జుట్టులోంచి బొరుగులు ఏరుకుంటున్నాడు.

"సామీ, తప్పినప్పుడల్లా నువ్వు లేసేది జనాన్ని నీ తట్టు తిప్పుకోనీకేనా?" అని అడిగాడు బడే సాబ్.

"నీకిప్పుడు తెలిసిందా?" అంది సైదా బీ. "నాకు హొళగుందలోనే తెలిసింది."

వెంకోబారావు సిగ్గుపడ్డాడు. "నన్ను తిడితే నాకేమి పోతాదప్పా? నేనేమన్నా ఆట ఆడి బతకాల్నా?"

బడే సాబ్ లోపలికి పోయి ఇనుప రోలు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు. "ఇది మీ ఇంట్లో పెట్టుకో సామీ."

వెంకోబారావు కళ్ళు మెరిశాయి. రోలు అటూ ఇటూ తిప్పి చూశాడు, ఆశగా నిమిరాడు. ఆ తర్వాత తిరిగి బడే సాబ్ చేతుల్లోనే పెట్టేశాడు.

"వద్దప్పా. మా ఇంట్లో ఉండేవన్నీ ఆట మానేసినోల్లవి. నువ్వింకా ఆడతాండావు గదా."

సైదా బీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, చటుక్కున రోలు లాక్కుంది.

"మంచిపని చేసినావు సామీ. ఈపొద్దు కూరకు మసాలా ఇందులోనే దంచాల."