గూడబాతు రెక్కకు పసుపు గుడ్డ

ఇరవై రెండేళ్లప్పుడు నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. అరవైల చివరి రోజులవి. నౌపడ దగ్గర ఒక ఊళ్లో సైన్సు మేస్టరుగా ఉంటూ, నలుగురు స్నేహితులతో హేతువాద సంఘం నడిపేవాణ్ని. ఏటా చలికాలం ఆ ఊరి చింతచెట్ల మీద గూడబాతులు వచ్చి పిల్లల్ని చేసేవి. ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపడుచులనేవారు. గూటిలోంచి జారిన పిల్ల ఎవరి వాకిట్లో పడితే వాళ్లే పెంచి, బొట్టుపెట్టి సాగనంపాలి. (ఈ ఆచారం మీద నేను రెండు వ్యాసాలు రాశాను, రెండూ ఖండిస్తూనే.)

ఆ ఏడు ఒక పిల్ల నా వాకిట్లోనే పడింది, ఎడమ రెక్క విరిగి. దాన్ని కేవలం శాస్త్రీయంగా బతికించి ఊరికి చూపించాలని మా సంఘం మూడు గంటలు చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈలోగా పక్కింటి చేపలత్త (గంపలో చేపలమ్మే ఆవిణ్ని ఊరంతా అలాగే పిలిచేవారు) ఆ రెక్కను ఒంటికి చేర్చి పసుపు గుడ్డతో చుట్టేసింది. సాయంత్రం నలుగురి ఎదుట నేను ఆ గుడ్డ విప్పి, మూఢనమ్మకాల మీద చిన్న ఉపన్యాసమిచ్చాను. పక్షి కూడా విన్నది. తెల్లారేసరికి రెక్క నేల మీద ఈడుస్తోంది, పళ్లెంలో పెట్టిన చేపల వంక చూడనైనా చూడటం లేదు.

చేపలత్త గంప దించింది. "ఏటి మేస్టరు బాబూ, గుడ్డెవలు విప్పినారు?"

"పసుపుకి ఎముకలు అతకవత్తా."

"పసుపు సీమలు పట్టకుండా. కట్టు ఎముక కదలకుండా. మీ సదువుల్లో కట్టు లేదేటి?"

మా సంఘం కార్యదర్శి నేల మీది గుడ్డ తీసి దులిపాడు.

"ఇది తల్లి నోట్లో తల దూర్సి తింటాది. పళ్లెంలో పెడితే ఏటి తెలుస్తాది దానికి? కుండలో ఎయ్యి. ఎండలు ముదిరితే మంద ఎలిపోతాది. ఆ పాటికి ఎగరలేకపోతే ఇది కుక్కల పాలే. పట్టుకో, నాను కడతాను."

ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాను. అది నా చొక్కా పాడుచేసింది. ఆ తరవాత రోజూ బడికి వెళ్లేముందు కుండలో చేపలు వేయడం నా పని. కట్టు విప్పాక సంఘం యావత్తూ దాన్ని ఎత్తుకుని ఉప్పుమడి గట్ల మీద పరుగెత్తేది. కార్యదర్శి రెక్కల్లా చేతులు ఆడిస్తూ ముందు పరుగెత్తేవాడు. ఇదేం పూజని ఊరివాళ్లు అడిగితే, వ్యాయామమన్నాం.

మంద సగం వెళ్లిపోయాక ఒక పొద్దున్న దాన్ని ఉప్పుటేటికి తీసుకెళ్లాం. చేపలత్త కుంకుమ భరిణె నా ముందు పెట్టింది. "నీ వాకిట్లో పడింది. దానికి అన్నవి నువ్వే. బొట్టెట్టు."

సభ్యులు నలుగురూ ఉప్పు కుప్పల వైపు తిరిగి నిలబడ్డారు. పెట్టాను. (మినిట్సులో ఇది లేదు.) పిల్ల నీళ్ల మీద పరుగెత్తి రెండుసార్లు పడింది. మూడోసారి లేచింది. ఎడమ రెక్క కాస్త వంకరగా కొట్టుకుంటూ, మంద వెళ్లిన వైపే పోయింది.

మరుసటి చలికాలం మెడ నొప్పెట్టేదాకా రోజూ చెట్ల వైపు చూశాను. పరిశీలన అని పేరు పెట్టి నోటుబుక్కులో రాశాను. ఇప్పుడది తిరగేస్తే "కనబడలేదు" అన్న మాటే పేజీలకు పేజీలు. ఒక్కచోట మాత్రం, "వంకర రెక్క. అదే" అని ఉంది. రుజువేమీ రాయలేదు. రెండుసార్లు కలం తీసి కూడా, ఆ వాక్యం కొట్టెయ్యలేకపోయాను.